ఫోన్‌లో అల 1.6 మీటర్లే అన్నారు, మొగలో పడవ బోల్తా పడింది. ఎక్కడ తప్పు జరిగింది?

బాహుదా_ఒడ్డు · ఆదివారం, రాత్రి 8:40

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గంజాం జిల్లాలో సోనాపురం పక్క పల్లె, బాహుదా నది సముద్రంలో కలిసే మొగకి దగ్గర. నేను బరంపురంలో ఉద్యోగం చేస్తున్నాను, అన్నయ్య వేటకి వెళ్తాడు. మొన్న పున్నమి వెళ్లాక విదియ రోజు అన్నయ్య, ఇంకో నలుగురు ఫైబర్ బోటు మీద తెల్లవారుజామున 3 గంటలకు బయలుదేరారు. మధ్యాహ్నం 1:15 ప్రాంతంలో తిరిగి వస్తూ మొగలోకి మళ్లే చోట వెనక నుంచి ఒక కెరటం బోటును పైకెత్తి అడ్డంగా తిప్పేసింది. బోటు తిరగబడింది. దేవుడి దయ వల్ల అందరూ ఒడ్డుకి చేరారు. ఒకరికి చెయ్యి విరిగింది. వలలు పోయాయి. ఇంజను సాయంత్రానికి ఇసుకలో దొరికింది.

ముందురోజు రాత్రి ఫోన్‌లో చూసి అన్నయ్యకు చెప్పింది నేనే. అల ఎత్తు 1.6 మీటర్లు, గాలి గంటకు 20 కిలోమీటర్ల లోపు, హెచ్చరిక ఏమీ లేదు. సముద్రంలో ఆ రోజంతా బాగానే ఉందట. తీరా ఇంటి ముందుకొచ్చాక ఇలా అయింది. అమ్మ నాతో సరిగా మాట్లాడటం లేదు. "ఆ ఫోను చూసి పంపించావు" అంటోంది. రెండు రాత్రులుగా నాకు నిద్ర లేదు. ఫోర్‌కాస్ట్ తప్పా? నేను చూడాల్సింది ఇంకేదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కడలి_బాట · ఆదివారం, రాత్రి 9:05

తమ్ముడూ, ప్రాణాలు దక్కాయి, అది చాలు. నా మాట అడిగితే ఈ ఫోన్లన్నీ దండగ. మా నాన్న ఏ ఫోను చూసి వేటకి వెళ్లాడు? మబ్బు చూసేవాడు, గాలి చూసేవాడు. అంతే.

పెద్దసరంగు_కూతురు · ఆదివారం, రాత్రి 9:50

మాది గోపాల్‌పూర్. నాన్నకు డెబ్భై దాటాయి, నలభై ఏళ్లకు పైగా వేట చేశారు. మీ పోస్టు చదివి వినిపించాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న గాలి గురించి కాదు, "ఆ టైముకి నీరు లోపలికి వస్తోందా, బయటకి పోతోందా?" అని. విదియ, మధ్యాహ్నం ఒంటిగంట అని చెప్పాను. "అయితే నీరు బయటకి లాగుతోంది, మంచి ఊపు మీద ఉంది, ఆ టైములో మొగలోకి ఎందుకొచ్చారు?" అన్నారు.

ఆయన లెక్క ఇది. మన తీరంలో పున్నమికీ అమావాస్యకీ పోటు సుమారు ఉదయం 9 గంటలకి, మళ్లీ రాత్రి 9 దాటాక. ఆటు మధ్యాహ్నం మూడింటికి, తెల్లవారుజామున మూడింటికి. రోజుకి ముప్పావు గంట పైన జరుగుతూ పోతుంది. అష్టమి వచ్చేసరికి తలకిందులవుతుంది: మూడింటికి పోటు, తొమ్మిదింటికి ఆటు. తిథి తెలిస్తే చాలు, నాన్న గడియారం చూడరు.

బాహుదా_ఒడ్డు · ఆదివారం, రాత్రి 10:02

అక్కా, అంటే విదియ రోజు పోటు పదిన్నర దాటాక వచ్చి, ఒంటిగంటకి నీరు గట్టిగా దిగుతూ ఉందన్నమాట. అన్నయ్య కూడా "మొగలో నీరు మమ్మల్ని వెనక్కి తోసింది" అన్నాడు. కానీ ఆటుకి ఎదురు ఎన్నిసార్లు రాలేదు? ఆ రోజే ఎందుకిలా జరిగింది?

భంజవిహార్ · ఆదివారం, రాత్రి 11:30

నేను బరంపురం విశ్వవిద్యాలయంలో మెరైన్ సైన్సెస్ చదువుతున్నాను. అన్నా, ఆ రోజు ఫోర్‌కాస్ట్ స్క్రీన్‌షాట్ ఉంటే పెట్టండి. అల ఎత్తు పక్కన 'పీరియడ్' అని సెకన్లలో ఒక అంకె ఉంటుంది. నాకు అది కావాలి.

బాహుదా_ఒడ్డు · సోమవారం, ఉదయం 6:15

పెట్టాను. పీరియడ్ 13 సెకన్లు, దిశ దక్షిణం అని ఉంది. ఆ అంకె నేను ఎప్పుడూ పట్టించుకోలేదు.

భంజవిహార్ · సోమవారం, ఉదయం 7:40

మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ 13లోనే ఉంది. కాస్త వివరంగా రాస్తాను.

ముందు ఆ 1.6 గురించి. అది ఆ రోజు వచ్చే అతి పెద్ద అల ఎత్తు కాదు. వచ్చిన అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని, వాటి సగటు ఎత్తు చెబుతారు. అంటే 1.6 అన్న రోజున అప్పుడప్పుడూ దానికి రెట్టింపు దాకా ఉండే ఒంటి అల రావచ్చు. పైగా అది లోతైన సముద్రంలోని ఎత్తు. మీ మొగ దగ్గరి ఇసుక మేట మీద ఎంత లేస్తుందో ఆ అంకె చెప్పదు.

ఇక పీరియడ్. ఒక అల శిఖరం వెళ్లాక తర్వాతి శిఖరం రావడానికి పట్టే సమయం. ఇక్కడి గాలికి పుట్టిన అల అయితే 5, 6 సెకన్లు ఉంటుంది. 6 సెకన్ల అల పొడవు లోతు నీటిలో 56 మీటర్లు. 13 సెకన్ల అల పొడవు 260 మీటర్లు దాటుతుంది. ఇది మన దగ్గర పుట్టింది కాదు. ఎక్కడో దక్షిణ మహాసముద్రంలో తుపాను గాలులకు పుట్టి, రోజుల తరబడి ప్రయాణం చేసి బంగాళాఖాతంలోకి వచ్చిన ఉబ్బు. బయట లోతులో మన బోటు కింద నుంచి మెల్లగా ఎత్తి దించుతుంది, ఏమీ తెలియదు. అందుకే సముద్రం బాగానే ఉందని మీ అన్నయ్యకి అనిపించింది. అదే అల ఒడ్డు దగ్గర నేల తగిలేసరికి నెమ్మదిస్తుంది, పొడవు కుదించుకుంటుంది, ఎత్తు పెరుగుతుంది. పీరియడ్ ఎక్కువ ఉన్నకొద్దీ ఈ పెరగడం ఎక్కువ.

దీనికి ఎదురుగా నది నీరు బయటకి వస్తోంది. ఎదురు నీటిలో అల ఇంకా కుదించుకుని నిటారుగా లేస్తుంది. పైగా నీరు తీసే కొద్దీ మేట మీద లోతు తగ్గిపోతుంది. సుమారుగా చెప్పాలంటే, లోతు అల ఎత్తుకి ఒకటింబావు రెట్లకు తగ్గితే అల విరిగిపోతుంది. రెండు మీటర్ల అల రెండున్నర మీటర్ల లోతులో విరుగుతుంది. పోటు సమయంలో మీ మేట మీద ఆ మాత్రం లోతు ఉండి ఉంటే ఉదయం పదిన్నరకి అల విరగకుండా సాగిపోయి ఉండొచ్చు. ఒంటిగంటకి అదే చోట విరిగింది.

ఫోర్‌కాస్ట్ తప్పు కాదన్నా. అది మీ మొగ గురించి చెప్పలేదు.

పెద్దసరంగు_కూతురు · సోమవారం, ఉదయం 8:20

నాన్న ఇది విని చాలాసేపు తల ఊపారు. గాలి లేకుండా దక్షిణం నుంచి వచ్చే ఆ ఉబ్బు ఆయనకీ తెలుసు. రాత్రిపూట పక్క మీద పడుకుని వింటే తెలిసిపోతుందట. మామూలు రోజున కెరటం చప్పుడు ఎడతెగకుండా ఉంటుంది. ఉబ్బు వచ్చిన రోజున ఒక పెద్ద చప్పుడు, తర్వాత చాలాసేపు నిశ్శబ్దం, మళ్లీ పెద్ద చప్పుడు. ఆ నిశ్శబ్దం ఎక్కువైతే ఆయన లేచి నాన్నమ్మతో "ఇవాళ వెళ్లట్లేదు" అనేవారట.

కడలి బాట అన్నయ్యగారూ, మీ నాన్నగారు చూసింది మబ్బు, గాలి మాత్రమే అయి ఉండవు. ఇలాంటివి పది చూసి ఉంటారు, మనకి చెప్పలేదు అంతే.

ఇంకో మాట కూడా అన్నారు. "మా రోజుల్లో తెప్ప. దుంగల మధ్య నుంచి నీరు కిందికి పోతుంది. తిరగబడినా తేలుతుంది, నలుగురూ పట్టుకుని మళ్లీ తిప్పుకునేవాళ్లం. ఫైబర్ బోటులో ఒక కెరటం నీరు పడితే ఆ బరువు ఎటూ పోదు, రెండో కెరటానికి బోల్తా." తెప్ప మీద నేర్చుకున్న ధైర్యంతో ఫైబర్ బోటు నడపకూడదని ఆయన బాధ.

ఆర్జిపల్లి_మెకానిక్ · సోమవారం, ఉదయం 10:10

బాహుదా తమ్ముడూ, మిగతా చర్చ తర్వాత, ముందు ఇంజను సంగతి చెప్పు. ఎక్కడ ఉంచారు? ఎండలో ఆరబెడితే మాత్రం వెంటనే తీసెయ్యండి. ఉప్పునీరు తాగిన ఇంజనుకి గాలి తగిలిన దగ్గర్నుంచి తుప్పు మొదలవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేదాకా డ్రమ్ములో మంచినీళ్లు పోసి అందులో ముంచి ఉంచండి. తాడు లాగి స్టార్ట్ చెయ్యాలని చూడొద్దు, లోపల నీరుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గులు విప్పి, నీరు తోడేసి, ఆయిలు మార్చి తర్వాత చూడాలి. నా దగ్గరకి తెస్తే చూస్తాను.

బాహుదా_ఒడ్డు · సోమవారం, ఉదయం 10:25

అన్నా, పెరట్లో ఎండలోనే ఉంది. ఇప్పుడే ఫోన్ చేసి చెప్పాను, నీళ్ల డ్రమ్ములో పెట్టిస్తున్నారు. రేపు ఆటోలో తెస్తాను. చాలా థాంక్స్.

కడలి_బాట · సోమవారం, మధ్యాహ్నం 12:30

భంజవిహార్ తమ్ముడు రాసింది రెండుసార్లు చదివాను. ఫోను దండగ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ నాదో ప్రశ్న. పోటుకే రావాలి, ఆటుకి రాకూడదు అంటున్నారు. చెప్పడం తేలిక. చేపకి టైము ఉంటుంది కదా? కానాగంతలు, కవళ్లు పట్టుకుని మొగ బయట మూడు గంటలు నిలబడితే ఐసు కరుగుతుంది. ఒడ్డున వ్యాపారి వెళ్లిపోతాడు. వేలం అయిపోయాక వచ్చినవాడికి సగం ధర కూడా రాదు. డీజిలు, ఐసు, కూలీ లెక్క వేస్తే ఆ రోజు నష్టమే. అందుకే కుర్రాళ్లు తెగించి వచ్చేస్తున్నారు, తెలియక కాదు.

పెద్దసరంగు_కూతురు · సోమవారం, మధ్యాహ్నం 1:15

ఈ మాట నిజం. నాన్న దగ్గర దీనికి జవాబు లేదు. కాసేపు ఊరుకుని "బయలుదేరే టైము మార్చుకోవాలి" అన్నారు. పున్నమి, అమావాస్యల దగ్గర రోజుల్లో రాత్రి పోటుకి వెళ్లి ఉదయం పోటుకి వచ్చేస్తే అటు మొగ, ఇటు వేలం రెండూ కలిసొస్తాయి. అష్టమి దగ్గర రోజుల్లో తెల్లవారుజామున మూడింటి పోటుకి వెళ్తే వచ్చేది మధ్యాహ్నమే, కానీ అప్పుడు ఆటుపోట్ల తేడా తక్కువ, నీటి లాగుడూ తక్కువ. మీ అన్నయ్య ప్రతి రోజూ మూడింటికే వెళ్తాడా?

బాహుదా_ఒడ్డు · సోమవారం, మధ్యాహ్నం 1:20

అవునక్కా. తిథితో సంబంధం లేకుండా రోజూ మూడింటికే.

బారువ_మాస్టారు · సోమవారం, సాయంత్రం 5:45

బాబూ, నేను శ్రీకాకుళం జిల్లా బారువలో రిటైరైన ఉపాధ్యాయుణ్ని. మీ చర్చ మొత్తం చదివాను. చేతిలో ఫోన్ ఉంది కాబట్టి ఎవరు ఏది ప్రకటిస్తారో ఒకసారి చెప్పుకుంటే మీకు ఉపయోగం.

పోటు ఎప్పుడు, ఎంత ఎత్తు అన్నది ఏడాది ముందే లెక్క కట్టి సర్వే ఆఫ్ ఇండియా పట్టికలుగా వేస్తుంది. అవి చంద్రుడు, సూర్యుడు లాగే లెక్క మాత్రమే. గాలి, వాయుపీడనం, నది వరద అందులో ఉండవు. వాయుపీడనం ఒక మిల్లీబారు పడితే నీరు సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది. మామూలు రోజుల్లో అది లెక్కలోకి రాదు, తుపాను రోజుల్లో వస్తుంది. అల ఎత్తు, పీరియడ్, ఉబ్బు, నీటి ఒరవడి మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇస్తుంది. 1999లో పెట్టిన సంస్థ అది. గాలి, తుపాను, మత్స్యకారుల హెచ్చరికలు వాతావరణ శాఖవి.

ఒకటి మాత్రం సరిహద్దు వాళ్లు తప్పక గుర్తుపెట్టుకోవాలి. గంజాం తీరానికి హెచ్చరిక భువనేశ్వర్ నుంచి వస్తుంది, మా తీరానికి విశాఖ నుంచి వస్తుంది. సముద్రంలో ఆ గీత లేదు. డొంకూరు వాళ్లు, సోనాపురం వాళ్లు ఒకే నీటిలో వల వేస్తారు. రెండూ చూడండి. 2018 అక్టోబరు 11న తిత్లీ మా పలాస దగ్గర తీరం దాటింది. "తుపాను ఆంధ్రాకి" అని గంజాంలో కొందరు నిశ్చింతగా ఉన్నారు. కానీ తుపాను నడిచే దారికి కుడి పక్కన గాలి సముద్రం నుంచి ఒడ్డు మీదికి కొడుతుంది. మా దగ్గర దాటితే కుడి పక్క ఎవరు? మీరే. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కూడా కళింగపట్నం, గోపాల్‌పూర్‌ల మధ్యనే దాటింది.

భంజవిహార్ · సోమవారం, సాయంత్రం 6:30

మాస్టారు గారికి నమస్కారం. ఇన్‌కాయిస్ గురించి ఒక మాట కలుపుతాను. చిన్న పడవల కోసం వాళ్లు విడిగా ఒక సలహా ఇస్తున్నారు. 7 మీటర్ల లోపు వెడల్పున్న పడవలకి, ఎక్కడ బోల్తా పడే ప్రమాదం ఉందో పది రోజుల ముందు నుంచీ చెబుతుంది. అందులో అల ఎత్తు ఒక్కటే కాదు, అల ఎంత నిటారుగా ఉంది, ఎన్ని దిక్కుల నుంచి వస్తోంది, గాలి ఎంత వేగంగా పెరుగుతోంది అన్నవి కూడా లెక్కలోకి తీసుకుంటారు. మన బోట్లకి ఉత్త అల ఎత్తు కంటే ఇది చూడటం మేలు. అయినా మొగ మొగే, అది మనమే చూసుకోవాలి.

పెద్దసరంగు_కూతురు · సోమవారం, రాత్రి 7:10

మాస్టారు గారూ, నాన్న ఓడరేవు జెండాల గురించి అడగమన్నారు. ఎనిమిదో నంబరు కంటే తొమ్మిది పెద్ద ప్రమాదమా అని ఆయనకి ఎప్పటి నుంచో సందేహం.

బారువ_మాస్టారు · సోమవారం, రాత్రి 7:50

మంచి ప్రశ్న అమ్మా. చాలామంది పొరబడేది ఇక్కడే. 1, 2 అంటే తుపాను దూరంగా సముద్రంలో ఉంది. 3, 4 అంటే ఆ రేవుకే గాలివాన ముప్పు. 5, 6, 7 ప్రమాదం. 8, 9, 10 మహా ప్రమాదం. 8కీ 9కీ ఉన్నది తీవ్రతలో తేడా కాదు. తుపాను ఆ రేవుకి ఏ పక్క నుంచి దాటుతుందో చెప్పేవి అవి. 10 అయితే రేవు మీదుగానో మరీ దగ్గరగానో దాటుతుంది. 5, 6, 7 కూడా అలాగే. 11 ఎగరేశారంటే వాతావరణ కేంద్రంతో సంబంధం తెగిపోయిందని. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

రంభ_పడవ · సోమవారం, రాత్రి 9:20

మేం చిలికాలో రంభ వైపు పర్యాటకుల పడవలు నడుపుతాం. మీ చర్చ చదువుతుంటే మా దగ్గర అంతా వేరుగా ఉంటుందనిపించింది. 2000లో సాతపడ వైపు కొత్త ముఖద్వారం తవ్వాక సరస్సుకి ఉప్పునీరు బాగా వస్తోంది. కానీ ఆ పోటు మా రంభ దాకా వచ్చేసరికి పెద్దగా తెలియదు. మాకు శత్రువు గాలి. లోతు తక్కువ కాబట్టి కాస్త దక్షిణపు గాలి లేస్తే చాలు, పొట్టి పొట్టి అలలు వెంటవెంటనే వస్తాయి. పడవ ఊపిరి తీసుకోవడానికి కూడా సందు ఉండదు.

మార్చి నుంచి మే దాకా సాయంత్రాలు మరీ భయం. పడమటి కొండల మీద నల్లగా మబ్బు కట్టిందంటే అరగంట కూడా టైము ఇవ్వదు. కాలబైశాఖి. గాలి ఒక్కసారిగా దిక్కు మార్చి నేల వైపు నుంచి కొడుతుంది. సముద్రంలో ఉన్న చిన్న పడవకి అది ఇంకా ప్రమాదం, ఒడ్డు నుంచి దూరంగా నెట్టేస్తుంది. ఇది ముందురోజు ఫోర్‌కాస్ట్‌లో గంట గంటకీ ఉండదు. రాడార్ బొమ్మ మాత్రం చూడొచ్చు, గోపాల్‌పూర్‌లోనే వాతావరణ శాఖ రాడార్ ఉంది. నేను ఆ మూడు నెలలూ మధ్యాహ్నం రెండు దాటాక పర్యాటకుల్ని దూరం తీసుకెళ్లను. డబ్బులు ఎక్కువిస్తామంటారు, గొడవ పడతారు. అయినా వెళ్లను.

వేరావల్_వలస · సోమవారం, రాత్రి 10:40

నేను గంజాం వాణ్నే, గుజరాత్‌లో ట్రాలర్ మీద కళాసీగా ఉన్నాను. ఇక్కడ ఖంభాత్ సింధుశాఖ వైపు పోటుకీ ఆటుకీ తేడా మన దగ్గరి కంటే చాలా ఎక్కువ. అందుకని అటువైపు టైము చూడకుండా ఎవరూ రేవులోంచి కదలరు. మన తీరంలో తేడా ఒకటి, రెండు మీటర్ల మధ్య ఉంటుంది కాబట్టి చిన్నచూపు. అమ్మ ఊళ్లో ఉంది, తమ్ముడు ఇప్పుడే వేటకి వెళ్లడం మొదలుపెట్టాడు. ఈ చర్చ మొత్తం వాడికి పంపాను.

ఆర్జిపల్లి_మెకానిక్ · మంగళవారం, మధ్యాహ్నం 3:30

ఇంజను చూశాను, బాగవుతుంది. ఇక మొగ గురించి నేను చూసింది చెబుతాను. రుషికుల్య నది మొగ వైపు మా బోట్లవాళ్లది ఇదే కష్టం. నవంబరు 1 నుంచి మే 31 దాకా తాబేళ్ల కోసం అక్కడ వేట నిషేధం ఉంటుంది కాబట్టి దూరం తిరిగి వెళ్తారు. వచ్చేసరికి టైము తప్పుతుంది, తొందరపడతారు. తాబేలు బతకాలి, అందులో రెండో మాట లేదు. దూరం పెరిగినప్పుడు తిరిగొచ్చే టైము కూడా ముందే లెక్క వేసుకోవాలని చెప్పడమే నా ఉద్దేశం.

రెండోది, మొగ నిరుడు ఉన్న చోట ఈ ఏడు ఉండదు. మన తీరం వెంట ఇసుక ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. ఇసుక నాలుక పెరుగుతూ మొగని ఉత్తరానికి నెడుతుంది. పొడంపేట సంగతి మీకు తెలుసు, ఊరే సముద్రంలోకి పోయింది. జీపీఎస్‌లో పోయినేడు వేసుకున్న గీత పట్టుకుని చీకట్లో వస్తే నేరుగా మేట మీదికి పోతారు.

పెద్దసరంగు_కూతురు · మంగళవారం, సాయంత్రం 6:00

నాన్న పొద్దుటి నుంచీ అడుగుతున్నారు, "ఆ కుర్రాడికి మొగ దాటడం ఎలాగో చెప్పావా?" అని. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మొగ బయట, కెరటాలు విరిగే చోటుకి దూరంగా ఆగు. ఇంజను ఆపొద్దు. పావుగంట చూడు. కెరటాలు గుంపులుగా వస్తాయి, పెద్దవి కొన్ని వచ్చాక కాసేపు చిన్నవి వస్తాయి. పెద్దవి ఎన్ని వచ్చాయో రెండు మూడు గుంపులు లెక్కపెట్టు. ఆఖరి పెద్ద కెరటం నీ కింద నుంచి వెళ్లాక దాని వీపు మీద వెళ్లు. దాన్ని దాటి ముందుకి పోయావో ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది. మరీ వెనకబడ్డావో తర్వాతిది వచ్చి ఎత్తేస్తుంది. మధ్యలో అడ్డం తిరగొద్దు, భయపడి వెనక్కి మళ్లొద్దు. వల, ఐసు పెట్టె కింద కట్టెయ్యాలి. జనం ఒకే పక్కన కూర్చోకూడదు. ఒడ్డున తెలిసినవాడు నిలబడి గుడ్డ ఊపాలి, పడవలో నుంచి కెరటం వీపే కనిపిస్తుంది, దాని ముఖం ఒడ్డున ఉన్నవాడికి కనిపిస్తుంది."

మా ఊళ్లో ఆడవాళ్లం కూడా అలా నిలబడి గుడ్డ ఊపేవాళ్లం. ఇప్పుడు ఎవరూ రావడం లేదు.

లైఫ్ జాకెట్ గురించి నాన్న చెప్పలేదు, నేను చెబుతున్నాను. మొగ దగ్గరకొచ్చేసరికి అందరూ తొడుక్కోవాలి. తల కింద దిండులా పెట్టుకోవడానికి కాదు అది. కోస్ట్ గార్డ్ నంబరు 1554, అందరి ఫోన్లలో పెట్టండి.

భంజవిహార్ · మంగళవారం, రాత్రి 8:15

పెద్దాయన మాటల్లో ప్రతిదానికీ మా పుస్తకాల్లో లెక్క ఉంది. నేను ఒకటే కలుపుతాను, అది బాహుదాకి ముఖ్యం. సముద్రంలో ఆటు ముగిసి నీరు మళ్లీ లేవడం మొదలైనా, మొగలో నీరు వెంటనే లోపలికి తిరగదు. లోపల నిలిచిన నీరంతా ఆ ఇరుకు దారి నుంచే బయటకి రావాలి కాబట్టి ఇంకా కొంతసేపు బయటకే పోతుంది. పైన గజపతి కొండల్లో వాన పడి ఉంటే ఇంకా ఆలస్యం. పట్టికలో ఆటు 11 గంటలకి అని ఉంటే 11:05కి లోపలికి రావచ్చనుకోవద్దు. మీ మొగకి ఎంత ఆలస్యమో మీరే చూసి రాసుకోవాలి. ఒడ్డున కూర్చుని, నీటిలో ఒక కొబ్బరి డొక్క వేసి చూడండి. అది ఆగి లోపలికి తిరిగిన టైము, పట్టికలోని టైము పక్కపక్కన రాయండి. నెల రోజులు రాస్తే ఏ యాప్ ఇవ్వనిది మీ దగ్గర ఉంటుంది.

బాహుదా_ఒడ్డు · బుధవారం, ఉదయం 6:50

నేను రాస్తాను. సెలవు పెట్టి ఊళ్లోనే ఉన్నాను. నిన్న సాయంత్రం అమ్మకి మీ అందరి పోస్టులూ చదివి వినిపించాను. పెద్దాయన మాట, నిశ్శబ్దం గురించి చెప్పింది, విని "మా నాన్న కూడా అలా చెవి పెట్టి వినేవాడు" అంది. తర్వాత అన్నం పెట్టింది.

బాహుదా_ఒడ్డు · శనివారం, రాత్రి 9:30

అందరికీ చెప్పాలి కాబట్టి రాస్తున్నాను. నిన్న దశమి. అన్నయ్య బాగుచేసిన ఇంజను పెట్టుకుని బాబాయి బోటు మీద వెళ్లాడు. ముందురోజు రాత్రి అల ఎత్తు 1.3, పీరియడ్ 8 సెకన్లు. విశాఖ, భువనేశ్వర్ రెండు హెచ్చరికలూ చూశాను, ఏమీ లేవు. తెల్లవారుజామున 4 గంటలకి, పోటు ఇంకా లేస్తుండగా బయటికి వెళ్లారు. ఇబ్బంది లేదు.

మధ్యాహ్నం 12:20కి మొగ బయటికి వచ్చారు. పట్టికలో ఆటు పదకొండుకి కాస్త ముందు. నేను ఒడ్డున నిలబడి ఉన్నాను. ముందే వేసిన కొబ్బరి డొక్క ఇంకా బయటికే పోతోంది. ఫోన్ చేసి ఆగమన్నాను. అన్నయ్యకి కోపం వచ్చింది, ఐసు తక్కువుంది. అయినా ఆగాడు. 1:10కి డొక్క ఆగింది, 1:30కి లోపలికి తిరిగింది. కెరటాలు లెక్కపెట్టి, పెద్దవి అయిపోయాక అమ్మ ఎర్ర చీర ముక్క ఊపాను. 1:40కి లోపల ఉన్నారు. పెద్దగా నీరు కూడా పడలేదు.

వేలం అప్పటికే అయిపోయింది. మిగిలిన వ్యాపారి తక్కువకే తీసుకున్నాడు. కడలి బాట అన్న చెప్పిన నష్టం నిజమే, ఆ రోజు డీజిలు ఖర్చు కూడా రాలేదు.

ఆటుకీ, మొగలో నీరు తిరగడానికీ మధ్య రెండున్నర గంటలకు పైనే పట్టింది. భంజవిహార్ తమ్ముడూ, ఇంత ఉంటుందా?

భంజవిహార్ · శనివారం, రాత్రి 10:05

ఉండొచ్చన్నా. మొగ ఇరుకైనకొద్దీ, నది నీరు ఎక్కువైనకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. వానలు తగ్గాక మళ్లీ చూడండి, మారుతుంది. రాయడం ఆపొద్దు.

కడలి_బాట · ఆదివారం, ఉదయం 7:00

తమ్ముడూ, మా పల్లె నుంచి ముగ్గురం మీ మొగ దగ్గరకి వచ్చి చూస్తాం. ఐసు విషయం కూడా మాట్లాడదాం. రెండు పల్లెల బోట్లూ ఒకే టైముకి వస్తాయని ముందే చెబితే వ్యాపారి ఆగుతాడేమో అడిగి చూడాలి.

బాహుదా_ఒడ్డు · ఆదివారం, ఉదయం 7:25

రండి అన్నా. అమావాస్య వస్తోంది, ఆ రోజు పోటు ఉదయం 9 ప్రాంతంలో. అన్నయ్య ముందురోజు రాత్రి పోటుకి వెళ్లి, ఎనిమిదిన్నరకల్లా మొగలో ఉంటానంటున్నాడు. అంతకుముందు వస్తే డొక్క వేసి చూద్దాం.

పెద్దసరంగు_కూతురు · ఆదివారం, ఉదయం 8:10

నాన్న మాట: గాలి నిన్న రాత్రి ఈశాన్యం నుంచి కాసేపు వీచిందట. ఇక అక్టోబరు వస్తే తీరం వెంట ఒరవడి కూడా దక్షిణానికి తిరుగుతుంది, వల వేసిన చోటు నుంచి బారువ వైపుకి జారిపోతారు, తిరిగొచ్చే దూరానికి డీజిలు ఎక్కువ పెట్టుకోమన్నారు. మీ అన్నయ్యకి చెప్పండి.